సైమా లెన్స్ తుడిచిన పూట

చేతులకి పల్చటి రబ్బరు తొడుగులు వేసుకుని సైమా మిషన్ మూత ఎత్తింది. కాలిన మేపుల్ చెక్క వాసన గుప్పుమంది. నిన్న సాయంత్రం దాకా చెక్క ఫలకాల మీద అక్షరాలు చెక్కిన లేజర్ అది. పొగలోని జిగురంతా లెన్స్‌కి పట్టి గోధుమరంగు మచ్చ కట్టింది. మచ్చ ఉంటే లేజర్ వేడి పనిని వదిలేసి లెన్స్‌నే కాలుస్తుంది, నాలుగు రోజులు ఊరుకుంటే పగిలి కూర్చుంటుంది. అందుకే రోజూ పొద్దున్నే, కాఫీ కంటే ముందు, ఈ తుడుపు.

కోటు గుండీ అంత పసుప్పచ్చ బిళ్ళ. దాన్ని విప్పి మెత్తటి గుడ్డ మీద పెట్టింది. స్పిరిట్ చుక్క వేసిన పల్చటి కాగితాన్ని దాని మీద పరిచి, ఎక్కడా నొక్కకుండా, ఒక అంచు పట్టుకుని మెల్లగా తన వైపుకి లాగింది. ఆ కాగితం పారేసి ఇంకొకటి తీసింది. కొట్టు యజమాని డ్వేన్ ఒకసారి తొందరపడి చొక్కా అంచుతో రుద్దాడు. గీతలు పడ్డ ఆ లెన్స్ ఇప్పుడు ఆయనగారి తాళాల గుత్తికి వేలాడుతోంది. అప్పటినుంచీ ఆ మహానుభావుడు మిషన్ మూత కూడా ముట్టుకోడు.

ఫోన్ మోగింది. వదిన ఎల్మా.

"సైమా, మీ అన్నయ్యకి ఊపిరి మారిందే. ఇవాళే కావచ్చని నర్సు అంటోంది. వచ్చెయ్."

"వస్తా వదినా. లెన్స్ విప్పేసి ఉంది. బిగించేసి వస్తా."

"ఆ దిక్కుమాలిన లెన్స్ ఎక్కడికి పోతుందే! పోయేది ఆయన. చెవి మాత్రం చివరిదాకా వింటుందట, నర్సు చెప్పింది. ఏమన్నా చెప్పుకునేదుంటే వచ్చి చెప్పుకో."

చెప్పుకునేది ఉంది. తండ్రి అడవిలో చెట్టు మీద పడి పోయిన ఏడు అన్నయ్య ఆర్వో బడి మానేసి రంపపు మిల్లులో చేరాడు. చెల్లెలి చేత మాత్రం మానిపించలేదు. ఆమె చలికాలపు బూట్లు, పళ్ళకి కట్టించిన తీగ, టైపు క్లాసు, అన్నీ ఆ మిల్లు కూలీలోంచి వచ్చినవే. దానికి సైమా ఒక్కనాడూ థాంక్స్ అనలేదు. అలాంటి మాటలు పైకి అనుకునే ఇల్లు కాదది. అమెరికాలోని ఈ హాంకాక్ ఊళ్ళో, ఫిన్లాండు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ ఇళ్ళన్నీ అంతే. ప్రేమ ఉంటే ఎదుటి మనిషి కారు మీద పేరుకున్న మంచు గీకిపెడతారు, చెప్పకుండా వెళ్ళిపోతారు. ఆర్వో ఆమె కారు గీకని చలికాలం లేదు, మొన్న పడకేసిందాకా. సైమాకి పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఊరి పొలిమేర దాటింది లేదు. ఆమెకి సొంతమనిషి అంటే అతనే.

ఏడుపు వస్తుందేమోనని ఒక క్షణం ఆగి చూసుకుంది. రాలేదు. అసలేమీ రాలేదు. చేతి తొడుగు మరిచిపోయి మంచులో తిరిగొచ్చిన వేళ్ళలా లోపలంతా మొద్దుబారి ఉంది.

లెన్స్ బిగించింది. ఆ సాయంత్రం బడిపిల్లల హాకీ విందు, కోచ్‌కి ఇచ్చే ఫలకం ఇంకా మిగిలి ఉంది. 'కృతజ్ఞతలతో, మీ పిల్లలు' అని చెక్కాలి. ఆ మాటని ఈ మిషన్ మీద ఎన్ని వందలసార్లు చెక్కిందో ఆమెకే లెక్క లేదు. మీట నొక్కింది. అక్షరాలు లావుగా, ముద్దముద్దగా, అంచులు మాడి వచ్చాయి. సైమా వంగి చూసింది. లెన్స్ తలకిందులుగా పెట్టింది. ఉబ్బు పైకి, చదును కిందికి ఉండాలి. నిద్రలో లేపి అడిగినా చెప్పే సంగతి.

వాసనకి డ్వేన్ వచ్చాడు. "ఏమైంది?"

"తిరగేసి పెట్టాను."

"నువ్వా!" నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాడు. "ఫోన్ ఎవరు? ఆర్వోకి ఎలా ఉంది?"

"ఇవాళేనట."

"మరి ఇక్కడేం చేస్తున్నావు తల్లీ! పో. కోచ్‌కి ఫలకం రేపిస్తే కొంపేం మునగదు."

"ఇది సరిచేసి పోతా."

"నీ మొండితనం మండా! ఎవరికోసం సరిచేస్తావు?"

ఆమె అప్పటికే మరలు విప్పుతోంది. నిజానికి భయం. అక్కడికెళ్తే ఆ మాట అనాలి, ఇక్కడుంటే తుడిస్తే చాలు. మళ్ళీ కాగితం పరిచింది, మళ్ళీ లాగింది. మచ్చ లేదు, ఇందాకే పోయింది. అయినా ఇంకోటి తీసింది. డ్వేన్ బయటికెళ్ళి ఆమె కారు అద్దాల మీద మంచు గీకి, ఇంజను వేడెక్కించి, తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అప్పుడు లేచింది.

ముసలివాళ్ళ ఆస్పత్రిలో చివరి గది. ఆక్సిజన్ మిషన్ గురగురమని మోగుతోంది. ఆర్వో నోరు తెరుచుకుని ఉంది, ఊపిరికీ ఊపిరికీ మధ్య చాలా ఎడం. "మీరిద్దరూ ఉండండి, కాఫీ తెచ్చుకుంటా," అని ఎల్మా లేచి వెళ్ళిపోయింది.

సైమా కుర్చీ దగ్గరికి లాక్కుంది. చేతికి ఒక తొడుగు ఇంకా అలాగే ఉందని అప్పుడు చూసుకుంది. దాన్ని తీసేసి అతని చెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యా, నేనే. ఆలస్యమైంది." ఆగింది. "నువ్వు బడి మానేశావు. నేను చదువుకున్నాను. ఎప్పుడూ అనలేదు గదా. థాంక్స్, అన్నయ్యా. చాలా... చాలా థాంక్స్. పర్లేదు, వెళ్ళు. వదినకి నేనున్నాను. ఇంట్లో నీళ్ళ పైపులు గడ్డకట్టకుండా చూసుకుంటా."

అంత పొడుగు మాట ఆమె జన్మలో ఎవరితోనూ అని ఉండదు. ఆర్వో ఇంకొంచెంసేపు ఊపిరి తీశాడు. తర్వాత తీయలేదు. సైమా తరువాతి దానికోసం కాచుకుని కూర్చుంది.

ఎల్మా వచ్చి, చూసి, కప్పులు కింద పెట్టింది. అతని దుప్పటి సర్ది అడిగింది: "చెప్పావా?"

"చెప్పాను."

"పోనీలే. విని పోయాడు."

సైమా తలూపింది. ఆ ఒక్క ఊరటా మిగిలిందనిపించింది. లోపల ఏదో కాస్త వదులైంది, ఎంత కాస్తో ఆమెకే తెలియలేదు.

నర్సు వచ్చి మణికట్టు పట్టుకు చూసి ఆక్సిజన్ మిషన్ ఆపేసింది. గదిలో చప్పుడంతా పోయింది. అప్పుడు వినపడింది, కిటికీ వైపునుంచి సన్నగా, ఎడతెగకుండా, ఒక కూత. ఆర్వోవి మిల్లు రంపం తినేసిన చెవులు, యంత్రం లేకుంటే పక్కన పిడుగు పడినా వినేవి కావు. పొద్దున మొహం కడిగేటప్పుడు నర్సు చెవుల్లోంచి తీసి ఆపకుండా వదిలేసిన వినికిడి యంత్రాలు రెండూ మందులు పోసే చిన్న కాగితపు కప్పులో ఒకదానికొకటి ఆనుకుని కూస్తున్నాయి.