పన్నెండు అడుగుల సిగ్నలు

పుల్లలచెరువు మండలంలో అడవినంటి ఉన్న ఒక చిన్న పల్లెలో, నలభై ఏళ్లుగా నీళ్లు చూసి చెప్పడమే కాటమరాజు వృత్తి. బోరు వేయదలచినవారు పిలిస్తే, తలంటుకొని, విభూతి ధరించి, అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకొని వట్టికాళ్లతో చేను నడిచేవాడు. టెంకాయ ఎక్కడ నిక్కి నిలబడితే అక్కడ గంగమ్మ ఉన్నట్టు. నిరుటి వేసవిలో ఆయన చూపిన మూడు బోర్లలోనూ దుమ్మే లేచింది. అది మొదలు ఆయన గడప తొక్కినవారు లేరు. తన చేతిలో దైవం ఇంకా ఉన్నదో, వెళ్లిపోయినదో తెలియక ఆ వృద్ధుడు లోలోపల కుమిలిపోయేవాడు. ఒక్కసారి ఎవరైనా పిలిస్తే తేలిపోతుందని ఆయన ఆశ.

ఒక ఆదివారం ఉదయం కూలి పని చేసుకొనే నతానియేలు రొప్పుతూ వచ్చాడు.

"పెదనాయనా, టెంకాయ తీసుకొని రావాల."

కాటమరాజు ఒళ్లు పులకరించింది. అయినా గాంభీర్యం విడవక అడిగాడు. "నీకు చేను యాడిదిరా?"

"చేనుకు గాదు. సెల్లుకు."

సంగతి ఇది. కురిచేడు సువార్త సభల్లో నతానియేలు కూతురు షారోన్ పదకొండు గంటలకు మొదటిసారి ఒంటరిగా పాట పాడనున్నది. తల్లి ఎలీషబా కాలు విరిగి సిమెంటు కట్టుతో మంచాన ఉన్నది. సభను సెల్లులో చూపిస్తున్నారు గాని, తెర నడుమ చక్రం తిరగడమే తప్ప బొమ్మ కదలదు. అంగన్‌వాడీ టీచరు నాగలక్ష్మి సెల్లు ఆపి తెరిచింది, విమానం గుర్తు నొక్కి తీసింది, బొమ్మ నాణ్యతను అట్టడుగుకు దించింది. సిగ్నలు ఒక్క గీత దాటలేదు.

"సిగ్నలు గాల్లో గదరా వచ్చేది?" అన్నాడు కాటమరాజు.

"అట్లనుకొనే చెడినాం. పోయినేడు రోడ్డు పక్కన గుంతలు తీసి పైపులు పూడ్చినారే, ఇంటర్నెట్టంతా దాంట్లోనే పోతాదని వాళ్లే చెప్పినారు. భూమిలో ఉండేది నీకు తెలియకుండా యాడికి పోతాది?"

కాటమరాజు ఆ వాదాన్ని శాస్త్రవాక్యాన్ని విచారించినట్టు అన్ని వైపులా విచారించాడు. దోషం కానరాలేదు. లేచి స్నానానికి వెళ్లాడు.

పది గంటలకు ఆయన వీధిలో నడుస్తుంటే, వెనుక నలుగురు మోసే మంచంపై ఎలీషబా ఉత్సవమూర్తి వలె ఊరేగింది. నిరుడు ఆయన మాట నమ్మి బోరు వేసి నష్టపోయిన పుల్లయ్య అరుగుమీదనుంచి పలకరించాడు.

"నాకు ఆరు వందల అడుగులు చెప్పినావు మామా. సెల్లుకు ఎంత చెప్తావో చూస్తా."

కాటమరాజు నడక ఆపలేదు. పుల్లయ్య దొడ్లో గడ్డివామి పక్కకు రాగానే టెంకాయ వణికింది. వణికి, మెల్లగా నిక్కి నిలబడింది. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఎంత లోతు?" అన్నారు అందరూ, అలవాటు కొద్దీ.

"పన్నెండు అడుగులు."

మంచం అక్కడ దించారు. చక్రం తిరుగుతూనే ఉన్నది. లోతుకు పోనిదే ఫలమెట్లా వస్తుందని నతానియేలు గడ్డపార అందుకున్నాడు, మరొకడు పార తెచ్చాడు. పన్నెండు అడుగులు తవ్వి మంచాన్ని అందులోకి దించాలని నిర్ణయమైపోయింది.

"నన్ను బతికుండంగానే పూడుస్తారా ఏంది?" అన్నది ఎలీషబా.

"పూడ్చం. దించుతాం, పాట అయినాక తీస్తాం," అన్నాడు భర్త.

గుంత మోకాలి లోతైంది. నాగలక్ష్మి సెల్లు అందులో పెట్టి చూసి పెదవి విరిచింది. "ఉన్న ఒక్క గీతా పోయింది."

పది గంటల యాభై నిమిషాలు. ఎలీషబా కొంగుతో ముఖం కప్పుకొన్నది. పుల్లయ్య నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. కాటమరాజు చేయి దించుదామనుకొని చూసుకున్నాడు. టెంకాయ ఇంకా నిలబడే ఉన్నది, పిలక ఆకాశంవైపు ఎత్తుకొని.

"నేను పన్నెండు అడుగులంటిని," అన్నాడు నెమ్మదిగా. "కిందికని అంటినా?"

అందరూ తలలెత్తారు. ఎదురుగా గడ్డివామి.

"నా వామి మీదికా? మంచమా?" అన్నాడు పుల్లయ్య. ఆయన మాట పూర్తయ్యేలోపే దొడ్లోని ట్రాక్టరు ట్రాలీతో వామి పక్కకు వెనక్కి వచ్చింది. ట్రాలీమీదికి ఎక్కించిన మంచాన్ని వామిమీదనుంచి ఆరుగురు మోకులు వేసి లాగారు. మంచం వంకరగా, గడ్డి రాల్చుకొంటూ పైకెక్కింది. వెంట నాగలక్ష్మి పాకింది. కిందివారికి మంచం అంచు మాత్రమే కనిపిస్తున్నది.

"రెండు గీతలు," అన్నది నాగలక్ష్మి పైనుంచి. "మూడు. ఆగింది చక్రం. అదిగో, పాప వచ్చింది."

"ఏం కట్టుకొనింది?" అని కిందినుంచి నతానియేలు.

"నా పెళ్లిచీర," అన్నది ఎలీషబా. "అడగకుండానే తీసుకపోయింది దొంగమొగంది."

అశరీరవాణి వలె వామిమీదనుంచి ఆడపిల్ల గొంతు దిగివచ్చింది. కాటమరాజుకు ఆ కీర్తన తెలియదు, ఆ దేవుడూ తన ఇలవేల్పు కాడు. అయినా చేతులు వాటంతటవే కలిశాయి.

పాట ముగిశాక నాగలక్ష్మి దిగుతూ, "పైన కొండ అడ్డం లేదు తాతా. టవరు కనపడతా ఉండాది," అన్నది. ఆయన టెంకాయను కండువాలో చుట్టుకున్నాడు. పుల్లయ్య మాత్రం నమ్మకం కుదరక వామిమీదనుంచి మోకు జారవిడిచి కొలిచాడు. పన్నెండు అడుగులు, పైన జానెడు.

"జానెడు ఎక్కువుంది," అన్నాడు గాని, ఆ గొంతులో పస లేదు.

మరునాడు తెల్లవారేసరికి కాటమరాజు గడప ముందు ముగ్గురు కూర్చొని ఉన్నారు. ఆయన ఆత్రంగా, "ఏ చేను?" అన్నాడు. ముగ్గురిలో ఒక్కరికీ నీళ్లు అక్కరలేదు. త్రిపురాంతకంనుంచి తొలి బస్సుకు వచ్చిన సావిత్రమ్మ చేతిలోని సెల్లు చూపించింది.

"సీరియలు సరిగ్గా ఏడ్చేకాడ ఆగిపోతాంది అన్నా. ఏం జరిగిందో తెలియక వారమాయె."

గంగమ్మను వెదికిన చేతిని కాటమరాజు ఒకసారి తిప్పి చూసుకున్నాడు. సంవత్సరం తరువాత ఆ చేతికి పని వచ్చింది. పని ఏదని అడగడం భక్తునికి తగదనిపించింది. లోపలికి వెళ్లి విభూతి ధరించి, కొత్త టెంకాయతో వచ్చి అరుగుమీద నిటారుగా కూర్చున్నాడు.

"మీది పెంకుటిల్లా తల్లీ, డాబానా?"

"డాబానే."

"మెట్లు లోపలుండాయా, బయటనా?"