పచ్చల హారం, చివరి పదహారు పేజీలు

మహిమ నవల తెరిచి చూసేసరికి చివరి పదహారు పేజీలు లేవు.

చిరిగిపోలేదు. బ్లేడుతో కోసిన అంచు అట్ట పక్కన నున్నగా కనిపిస్తోంది.

మూడున్నర దాటింది. నాలుగింటికి చొప్పదండి నుంచి అక్క మమతారాణి ఫోన్ చేస్తుంది. కంటి ఆపరేషనైన అక్కను డాక్టర్ చదవొద్దన్నాడు. అందుకే మహిమ చర్చి లైబ్రరీ నుంచి ఈ హాస్య నవల తెచ్చి, పది రోజులుగా ఫోన్లో చదివి వినిపిస్తోంది. ముగ్గురు అక్కచెల్లెళ్లు వంటవాళ్ల వేషంలో నగల వ్యాపారి ఇంటి పెళ్లిలో దూరి పచ్చల హారం కొట్టేస్తారు. నిన్న పోలీసులు వంటింటి తలుపు కొట్టేదాకా వచ్చింది కథ.

"రేపు ఆఖరు వినకపోతే నాకు నిద్ర పట్టదే" అంది అక్క ఫోన్ పెట్టేస్తూ, నవ్వాపుకోలేక.

మహిమ అనుమానం పక్క క్వార్టర్ సమ్మక్క మీదికి పోయింది. మొన్న పుస్తకం అడిగితే తను ఇవ్వలేదు. పైగా సమ్మక్క రోజూ గోడ పక్కన నిలబడి వింటుంది. మహిమ విసవిసా వెళ్లింది.

"సమ్మక్కా, నా పుస్తకంల కాయితాలు కోసినవా?"

బియ్యం ఏరుతున్న సమ్మక్క చేట కింద పెట్టింది.

"అబద్ధమెందుకే, మీ అక్కచెల్లెండ్లు కిలకిల నవ్వుకుంటుంటే నా కడుపు మండుతది. మా అక్క నాకు ఫోన్ చేసి ఆర్నెల్లయితుంది. అట్లని కాయితాలు కోస్తనా? అయినా గా కథ మా ఇంటాయన ఇప్పుడే అన్నం తినుకుంట చెప్పిండు. హారం ఆఖరికి గా..."

"చెప్పకు!" మహిమ చెవులు మూసుకుంది. కాసేపటికి చేతులు తీసింది. "పరశురాములు బావకెట్ల ఎరుక?"

"ఇయ్యాల బాయిల తిండి టైంకు ఎవరో చదివిండ్రట. గ్యాంగు మొత్తం పడిపడి నవ్విండ్రట. ఎవరో గూడ నేనే చెప్పాల్నా?"

పరశురాములుదీ, మహిమ భర్త వెస్లీదీ బొగ్గుబాయిలో ఒకే గ్యాంగు, ఒకే షిఫ్టు.

మహిమ తల దించుకుని ఇంటికొచ్చింది. వెస్లీ అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడు. ఆమె అతని టిఫిన్ సంచి బోర్లించింది. గిన్నెల కింద మడతపెట్టిన కాగితాలు. ప్రతి పేజీ మూలన నల్లటి బొటనవేలి ముద్ర.

"నీ వల్ల సమ్మక్క ముంగట నా ఇజ్జత్ పోయింది."

వెస్లీ నోరు తెరిచేలోపే ఫోన్ మోగింది. మహిమ స్పీకర్ పెట్టి, ఫోన్ అతని ముందుకు తోసింది.

"అక్కా, హారం దొంగల సంగతి తర్వాత. మా ఇంట్ల దొంగ దొరికిండు. ఆయన నోటితోనే విను."

వెస్లీ తువ్వాలు మెడలో వేసుకుని గొంతు సవరించుకున్నాడు.

"నేనే వదినా. పొద్దుగాల బాయికి పోయేటప్పుడు గడ్డం గీసుకునే బ్లేడుతోని కోసిన. ఇన్నేండ్లు నేను షిఫ్టు దిగి వస్తే నీ చెల్లె చాయ్ ఇచ్చి, 'ఇయ్యాల బాయిల ఏమైంది' అని అడిగేది. పది దినాల సంది చాయ్ చల్లగ, మాట లేదు. తలుపేసుకుని మీరిద్దరు నవ్వుడే. నేను ఎన్ని జోకులు చెప్పినా ఇది గట్ల నవ్వలే వదినా! కుళ్లు పుట్టింది నాకు. కాయితాలు బాయిల పారేద్దామని పట్కపోయిన. దిగేకాడ బీడీలు, అగ్గిపెట్టెల కోసం అందరి జేబులు చూస్తరు గద, ఇవి బయటపడ్డయి. ఏందివి అన్నరు. చదువుకునేటందుకు అన్న. ఇగ తిండి టైంకు అందరు మీద పడ్డరు, చదువుమని. టోపీ లైటు వెలుతుర్ల చదివిన. నేను గూడ నవ్విన వదినా, ఏం దాచాలె. ఇప్పుడు గ్యాంగు మొత్తం, రేపు మొదటికెళ్లి చెప్పకుంటే నాతోని మాట్లాడేది లేదంటుండ్రు. నాకు మొదలు తెల్వది. నీ చెల్లెకు జర చెప్పు. ఇయ్యాల ఆఖరు నేను చదివి వినిపిస్త. పుస్తకం లైబ్రరీల ఇచ్చేలోపల మొదలు నాకు చదవుమను. చాయ్ నేనే పెడ్త."