పటేలు చిగుళ్లు

ఈ కథ చెప్పే ముసలోని నోట్ల ముప్పై రెండు పండ్లున్నయ్. జఫర్‌గఢ్ నుంచి చెల్పూరు దాక వెతికినా, డెబ్బై తొమ్మిదేండ్ల ఈడుల చెరుకుగడను ఒక్క గుంజుకు చీల్చే మొగోడు ఇంకొకడు దొరకడు. గట్టి పండ్లోడు అబద్ధమాడడని సామెత. ఆ సామెత పుట్టించింది కూడ ఈ ముసలోడే. నమ్మి వినుండ్రి.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోలల్ల పండుకున్నయ్, బడులు బందు. తొర్రూరు అవతలి తండాల హరిలాల్ బిడ్డ సంగీత పండ్ల డాక్టరై, ఆ పైన చిగుళ్ల రోగాల పెద్ద చదువు ఆఖరి ఏడుల ఉండె. ఆ చదువుల ఒక తిరకాసున్నది. పుస్తకాలు మింగితే సరిపోదు. ఇన్ని నోళ్లు బాగుచేసిన అని కేసుల పుస్తకంల రాసి, ముందటి ఫొటో, తర్వాతి ఫొటో అంటించి, సార్‌తోని సంతకం పెట్టించుకోవాలె. అన్నీ అయినయ్, ఒక్కటే మిగిలింది. పండ్ల మీదికి పొంగిన చిగురును కోసి సాపు చేసే కేసు. అటువంటి నోరు ఏడాదికి ఒకటి దొరికితే గొప్ప. సమ్మె మొదలైనంక రోగులే వస్తలేరు. పరీక్ష చూస్తే ముందటనే కూసున్నది.

ఇంటికొచ్చిన పిల్ల రోజూ తొర్రూరు దీక్షా శిబిరానికి పోయేది. ఉద్యమమంటే పానమే గాని, కండ్లు మాత్రం నోళ్ల మీద. ‘జై తెలంగాణ’ అని రెండు వందల మంది ఒక్కసారి నోరు తెరిస్తే చిగుళ్ల డాక్టరుకు అంతకన్న పెద్ద జాతర ఏముంటది? గుట్కా నోళ్లు, గార కట్టిన నోళ్లు, నినాదానికి ఊగే పండ్లు. వెనక వరుసల ఈ ముసలోడు కూడ ఉండె. ఇక్కడ చిన్న సవరణ. ముప్పై రెండు పండ్లున్న మాట నిజమే. ఆరు నోట్ల ఉన్నయ్, ఇరవై ఆరు ఇంట్ల గిలాసల నీళ్లల్ల ఉన్నయ్. సంగీత ఒక్కపారి చూసి మొఖం తిప్పుకున్నది.

ఆ చూపు పోయి పోయి శిబిరం పెద్ద జగపతి పటేలు నోటి కాడ ఆగింది. చిగుళ్లు సగం పండ్ల మీదికి పాకినయ్. అల్లనేరేడు పండు రంగు. పిల్ల గుండె ఎగిసిపడ్డది. దాచుడెందుకు, సంబురంతోనే.

చిగురు కోసి సాపు చేస్తనని సంగీత అడిగితే పటేలుకు కూడ తొందరే. మూడొద్దులల్ల జనగామ సభల మాట్లాడాలె, ఈ వాపుతోని మాట నోట్లనే ముద్దైపోతాంది. వేపపుల్ల గట్టిగ తోముడుతోని వాచినయని ఆయన లెక్క. పొద్దున లేస్తే దిండు మీద నెత్తురుంటాందని భార్య నిర్మల చెప్పబోతే చెయ్యి ఊపి ఆపిండు. అంగీ చేతులు పైకి మడిచి నీలం మచ్చలు చూపెట్టిండు. రాస్తారోకోల పడ్డ లాఠీ దెబ్బలట. శిబిరానికి వచ్చినోళ్లందరికి చూపెట్టిన మచ్చలే అవి. గిన్ని దెబ్బలు ఓర్సినోనికి చిగురు కోసుడు ఒక లెక్కనా అన్నడు.

తెల్లారి పటేలు, నిర్మల, సంగీత జీపుల జనగామ పోయిండ్రు. సంగీత తోటి చదివిన శశిధర్‌కు అక్కడ మేడ మీద పండ్ల దవాఖాన ఉన్నది. తొవ్వల పాలకుర్తి కాడ నడి రోడ్డు మీద వంటావార్పు. పటేలును చూసి పొయ్యిలు జరిపి దారిచ్చిండ్రు. అన్నం పెడితే ఆయన నమలలేక చేతులు కడుక్కున్నడు. దవాఖాన మెట్లు ఇరవై. రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నడు. వెనకొచ్చే సంగీత ఫొటోలు తీసే డబ్బా సరిచేసుకుంటాంది.

కుర్చీల కూసోబెట్టి మత్తుసూది ఇచ్చింది. కత్తి చేతుల పట్టుకున్నది. అప్పుడే కరెంటు పోయింది. భూపాలపల్లి బావులల్ల బొగ్గు తవ్వేటోడు లేకపాయె, చెల్పూరు కరెంటు కార్ఖానల మంట మందగించె, జనగామల లైటు ఎట్ల ఉంటది?

కిటికీ వెలుతురుల ఉత్తగ చూసుకుంట కూసున్నది. చూస్తే పండ్లు ముత్యాల లెక్క ఉన్నయ్. గార లేదు, పాచి లేదు. మొదటి రోజు సార్ చెప్పిన మాట యాదికొచ్చింది. చిగురు ఉబ్బితే ముందు మురికిని వెతుకు, మురికి లేని వాపు కనబడితే కత్తిని పక్కన పెట్టు. సూది గుచ్చిన కాడ సన్నగ నెత్తురు వస్తనే ఉన్నది. దూది పెడితే తడిసింది. ఇంకోటి పెడితే అదీ తడిసింది. పావుగంటాయె.

“పటేలా, ఆ లాఠీ దెబ్బలు ఏనాటియి?”

పోలీసోన్ని అడుగు అని పటేలు కండ్లు మూసుకున్నడు.

“లాఠీ లేదు గీఠీ లేదు బిడ్డా,” అన్నది నిర్మల, నేల దిక్కు చూసుకుంట. “రాస్తారోకో నాడు ఈయన జరమొచ్చి ఇంట్లనే పండుకున్నడు. మచ్చలు వాటంతట అవే లేస్తున్నయ్. నేను చెయ్యి పట్టుకున్న కాడ తెల్లారి ఇంకోటి.”

కరెంటొచ్చింది. లైటు తిన్నగ పటేలు నోట్ల పడ్డది. మళ్ల పోకముందే కానియ్యమని శశిధర్ తొందరపెట్టిండు.

“మీ నాయిన మా చెల్కల అరక పట్టినప్పుడు చెయ్యి వణకలే,” అన్నడు పటేలు. “చదువుకుంటె వణుకుతాందా బిడ్డా?”

“వణుకుతాంది పటేలా. ముందు నెత్తురు చూపియ్యాలె.”

కత్తి పళ్లెంల పెట్టింది. దాంతోపాటు ఏడాదికొకటి దొరికే కేసును కూడ.

నెత్తురు తీసి కింది ల్యాబుకు పంపింది. అక్కడ పరీక్ష చేసేటోడు పోశాలు. ఎప్పుడైనా కాగితం పంపుతడు, పైకి రాడు. ఆ పూట తనే మెట్లెక్కి వచ్చి గుమ్మం కాడ చెప్పులు విడిచిండు.

“తెల్ల కణాలు లెక్కకు అందనంత పెరిగినయక్కా. రెండుసార్లు చూసిన.”

నెత్తురు క్యాన్సర్ అయి ఉంటదని, ఇప్పుడే హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోవాలని సంగీత చెప్పింది. కోసి ఉంటే నెత్తురు ఆగకపోయేదన్నది మాత్రం నిర్మలకు చెప్పలే. దూది వత్తి పట్టుకొని జీపుల పక్కనే కూసున్నది.

జనగామ పొలిమేరల రోడ్డుకు అడ్డంగ బండలు. పటేలును గుర్తుపట్టి, బండలు జరిపి, నినాదమెత్తిండ్రు. ఆయన ఊకుంటడా? తల బయటపెట్టి జవాబియ్యబోయి నోరు తెరిచిండు, పండ్లన్ని నెత్తురు. ముందు వరుస ఆగిపోయింది. తర్వాత దాని వెనకది. జీపు కదిలేనాటికి రోడ్డు మీద చప్పుడు లేదు.

ఏడు నెలలు రోగంతోని కొట్లాడిండు పటేలు. రాష్ట్రం వచ్చుడు చూడలే. సంగీత ఇంకో నోరు దొరికించుకొని పరీక్ష గట్టెక్కింది. ఇప్పుడు తనే పిల్లలకు పాఠం చెప్తాంది. మొదటి రోజు పటేలు చిగుళ్ల ఫొటోనే చూపెడతది.

ఇగ ముసలోడు ఒకటి ఒప్పుకోవాలె. ఇదంత సంగీత చెప్పిందే. ఒక్క కరెంటు మాత్రం ముసలోడే తీసిండు. ఆ పూట జనగామల కరెంటు పోనే లేదు. లైటు మొదటి నుంచి పటేలు నోట్లనే ఉండె. ఆ పావుగంట సంగీత అంత వెలుతురుల, నెత్తురు తుడుసుకుంట తుడుసుకుంట, ఫొటోలు తీసుకున్నది.

హరిలాల్ బిడ్డ గదా, ఆ ఫొటోల సంగతి కప్పుదామని ముసలోడు జరంత చీకటి కల్పించిండు. ఆమెకు అది నచ్చలే. పిల్లలకు చెప్పేటప్పుడు లైటు ఉండెననే చెప్తది.