దుర్గయ్య పక్కన జాగా

చుట్టాలకు ఫోన్లు చెయ్యాలి. డప్పులోళ్లను పిలవాలి. పాడెకు వెదురు, మీద కప్పడానికి కొత్త చీర తేవాలి. నీళ్లు కాగబెట్టాలి. పొద్దు వంగకముందే గుంత తవ్వాలి. తల్లి బిక్షమ్మ పోయిన పొద్దున లింగస్వామి పనులన్నీ తలా ఒకరికి అప్పజెప్పాడు. గుంత మాట మాత్రం ఎత్తలేదు.

జాగా ఎక్కడో అందరికీ తెలిసిందే. వాళ్ల మెట్ట చెలకలో, భర్త దుర్గయ్య పక్కన. అక్కడే పెట్టమని బిక్షమ్మ ఎన్నోసార్లు చెప్పింది.

దేవరకొండ దాటాక ఉన్న ఆ చెలక నిండా రాకాసి గూళ్లు. గుండ్రంగా రాతి గుండ్లు పేర్చిన, ఏ కాలపు మనుషులవో తెలియని సమాధులు. దుర్గయ్యను పూడ్చినప్పుడు నాగలి తగలకూడదని బిక్షమ్మ కూడా అట్లాగే చుట్టూ గుండ్లు దొర్లించి పెట్టించింది. ఏండ్లు గడిచి మట్టి కుంగి, తంగేడు మొలిచింది. పురావస్తు శాఖ నుంచి సర్వేకు వచ్చినవాళ్లు అదీ పాత గూడే అనుకుని దానికీ తెల్లరంగుతో నంబరు వేశారు. మా బాపుదని చెబితే తీసెయ్యమంటారేమోనని లింగస్వామి ఊరుకున్నాడు. తర్వాత చెలక చుట్టూ ఇనుప తీగ, గేటు వచ్చాయి, తవ్వితే శిక్ష అని బోర్డు వచ్చింది. కావలి పని కూడా ఆయనకే ఇచ్చారు.

తల్లి పోయిన ఆ పొద్దున ఫోనులో ఆ శాఖ సారుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. సారు కోపగించలేదు. అది పాతది కాదని తేలాలంటే తెరిచి ఎముకలు చూడాలన్నాడు. అప్పటిదాకా పార పెట్టొద్దన్నాడు.

"అమ్మ అడిగింది గదొక్కటే గదరా," అంది అక్క నర్సింగమ్మ. "కావలి నువ్వే ఉంటివి. జర తీగ పక్కకు జరుపలేవా?"

"జరిపితే బాపును తవ్వి చూస్తరట అక్కా."

ఆమె తల్లి ముఖం మీది ఈగలను తోలుతూ కూర్చుంది. "ఎవ్వలో రాకాసోళ్లను కాస్తున్నవ్. కన్నతల్లికి జాగ లేకపాయె."

పాడె లేచింది. ఎటు నడవాలని డప్పులోళ్లు అడిగారు. అందరూ లింగస్వామి వైపే చూశారు. చెలక వైపే చెయ్యి చూపాడు గానీ, గేటు తాళం తియ్యలేదు.

తీగను ఆనుకుని, బయట, బండ్ల బాట అంచున గుంత తవ్వారు. చుట్టూ పెడదామంటే గుండ్లన్నీ లోపలే ఉన్నాయి. కుక్కలు తవ్వకుండా ముళ్లకంప వేసి వచ్చారు.

ఇప్పుడు ఆ గూళ్లు చూడడానికి బస్సుల్లో పిల్లలు వస్తున్నారు. లింగస్వామి దగ్గరుండి చూపిస్తాడు. దుర్గయ్య దగ్గరికి రాగానే పిల్లలను ముందుకు నడిపిస్తాడు. మీరెప్పుడైనా అటు పోతే, తీగ బయట ముళ్లకంప కింద ఉన్నది బిక్షమ్మ. ఆమెను ఒకసారి తలుచుకోండి.