గడియ లేని తలుపు

గుండ్రంగా కలిపి వేసిన బల్లల చుట్టూ, కిటికీ వైపు నుంచి కూర్చున్నవారు వరుసగా: క్లాస్ లీడర్, తరగతిలో నిద్రపోయే గుణం వల్ల అందరూ కునుకు అని పిలిచే కుర్రవాడు, అతని మేనమామ కూతురు, ఆ రోజు రాని విద్యార్థి స్థానంలో ప్రిన్సిపాల్ గారు. సాహిత్యం చెప్పే మేడమ్ నిలబడే ఉన్నారు.

మేడమ్ పద్ధతి ఇది: కథను నాలుగు ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తారు. ఎవరి ముక్క వారు చదివి, మిగతావారికి నోటితో చెప్పాలి. మేడమ్ తన పనిని పిల్లల నెత్తిన రుద్దడమే ఇదని ప్రిన్సిపాల్ గారి అభిప్రాయం. సోమవారం నుంచి దీన్ని మాన్పించి, బల్లలను మళ్ళీ వరుసల్లో వేయించాలని నిశ్చయించుకునే వచ్చారు. చేతికందిన చివరి ముక్కను పైపైన చూసి మడిచారు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవారికి అంతకన్నా అవసరమా?

లీడర్ మొదలుపెట్టింది. "ఒక దర్జీ. ఆయన వీధి తలుపుకి గడియే ఉండదు. ఎవరైనా తోసుకుని రావచ్చు."

"కూతురు చెప్పకుండా పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది," అన్నాడు కునుకు, ఆవులిస్తూ.

"తండ్రి మంచం పట్టాడు. కూతురికి కబురెళ్ళింది," అంది మరదలు.

ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు. "మానవ సంబంధాల ఔన్నత్యాన్ని రచయిత..."

"అది సరే సార్, అమ్మాయి వచ్చిందా?" అని అడిగింది మరదలు.

"వచ్చింది. తలుపు తట్టింది. తాళం వేసి ఉండడంతో వెనుదిరిగింది."

"గడియే లేని తలుపుకి తాళం ఎక్కడిది సార్?" అంది లీడర్.

కునుకు నిటారుగా కూర్చున్నాడు. "సార్, మీరు చదవలేదు కదూ?"

మేడమ్ ముఖం పాలిపోయింది.

"నోర్మూసుకో బావా! టీసీ చేతిలో పెడతారు," అని మరదలు గొణిగింది.

ప్రిన్సిపాల్ గారు కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, తన ముక్కను మొదటి నుంచి చివరిదాకా చదివారు.

"తాళం లేదు. తట్టింది, నిలబడింది, వెళ్ళిపోయింది. ఆయన లోపల మేలుకునే ఉన్నాడు."

"పుట్టి పెరిగిన ఇల్లే కదా, తోసుకుని రావచ్చుగా?" అంది లీడర్.

"రమ్మంటే వద్దామనుకుంది," అంది మరదలు.

"ఆయనేమో తోసుకొస్తుందిలే అనుకున్నాడు," అన్నాడు కునుకు.

ఈ సంగతి ప్రిన్సిపాల్ గారి పాత నోట్సులో లేదు. బెల్లు మోగింది. ఎవరూ లేవలేదు.

"ఆ బెల్లు కొట్టేవాడికి ఎప్పుడూ తొందరే," అన్నారాయన. "సరే, ఆయన నోరు తెరిచి ఎందుకు పిలవలేదు? అది ఎవరి ముక్కలో ఉంది?"

సాయంత్రం నోటీసు బోర్డుపై ఇలా ఉంది: "సాహిత్య తరగతి బల్లలను ఇప్పుడున్నట్లే ఉంచవలెను. ప్రిన్సిపాల్ తన భాగమును చదవకుండా హాజరైన విషయమును, పూర్తి మెలకువతో ఉండి, సకాలంలో గుర్తించి తెలియజేసినందుకు రెండవ కుర్చీలోని విద్యార్థికి కళాశాల తన కృతజ్ఞతను ఇందుమూలముగా నమోదు చేయుచున్నది."