మూడు దోసిళ్ల పచ్చజొన్నలు

నోరా, వీపుకు తేకే అని పెద్దలు ఊరికే అన్నారా! కొత్త సంవత్సరం పొద్దున చర్చిలో ప్రేమలత లేచి ఆ రెండు ముక్కలు అనకపోయి ఉంటే, ఆమె గడపకు ఆ కూరగిన్నె అంత తొందరగా వచ్చేది కాదు.

పెబ్బేరు పక్కనున్న ఆ పల్లెలో దేవదాసు పాస్టరుకు ఒక పట్టింపు ఉంది. జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక ఒక్కొక్కరే లేచి, ఈ ఏడు ఏం చేయదలచుకున్నారో నలుగురిలో చెప్పాలి. మనసులో అనుకున్న తీర్మానం గాలికి పోతుందట, నలుగురు విన్నదే నిలబడుతుందట. మగవాళ్లు తాగుడు మానేస్తామంటారు. వాళ్ల పెళ్లాలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. మానినా మానకపోయినా అందరూ కలిసి ఆమెన్ అనడం మాత్రం తప్పదు.

ఈసారి ప్రేమలత కూతురు నవ్య లేచి, ఈ ఏడు అమ్మ చెప్పకముందే ఇంటిపని అందుకుంటానంది. చర్చి అంతా నవ్వి, గట్టిగా ఆమెన్ అంది. బంగారం లాంటి పిల్ల అని పక్కింటి బాలమ్మ మెటికలు విరిచింది.

తర్వాత ప్రేమలత లేచింది.

"ఈ ఏడు మేం వలస పోం. మా నవ్య పది పరీక్షలు రాసేదాంక మా ఇంటికి తాళం పడదు."

ఆమెన్ రాలేదు. ఎవరో దగ్గారు. పాస్టరు ఒక్కడే ఆ మాట అని, గబగబా తర్వాతి మనిషిని లేపాడు.

ఎందుకంటే ఆ ఊరిని వలసకు తీసుకుపోయేది వెంకటన్న మేస్త్రి. ఎక్కడో కొండలు తొలిచే పనులకు లారీలో ఎక్కించుకుపోతాడు. ఇన్నేళ్లూ ప్రేమలతా, ఆమె భర్త జయపాల్ పోతే నవ్యను నాయనమ్మ చూసుకునేది. పోయిన వానకాలం ఆ ముసలమ్మ కాలం చేసింది. ఇప్పుడు వీళ్లు పోతే పిల్ల కూడా పోవాలి. పోయిన పిల్ల రాళ్లు మోయడమే గాని, మళ్లీ పుస్తకం పట్టడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు.

మేస్త్రి పిలుపు నోటితో రాదు. కొత్త సంవత్సరం పూట యాటపోతును కోసి ఇంటింటికీ గిన్నెలో కూర పంపుతాడు. మూత తీయకుండా తిప్పి పంపితే రాము అని అర్థం. కూర తీసుకుని, గిన్నె కడిగి, గింజలు పోసి పంపితే వస్తామని. దోసిలికి ఒక మనిషి. నిరుడు గింజలు పోసి ఆనక రానన్న బక్కయ్య ఎడ్లను పెబ్బేరు అంగడిలో పట్టపగలు మేస్త్రి మనుషులు తోలుకుపోయారు. గింజలు పోసింది నువ్వే గదా అని పెద్దమనుషులు బక్కయ్యనే తిట్టారు.

ఆ పగలే గిన్నె వచ్చింది. తెచ్చినవాడు అరుగు మీద పెట్టి, ఒక్క మాట లేకుండా పోయాడు. జయపాల్ అచ్చంపేటలో చెల్లెలి ఇంటికి పోయాడు, పొద్దుగూకేసరికి వస్తాడు. ఒక్కతే పోయి గిన్నె తిప్పి ఇవ్వాలంటే ప్రేమలతకు ధైర్యం చాలలేదు. మొగుడు రానీ, ఇద్దరం పోదాం అనుకుంది. ఆ సంగతి పిల్లకు చెప్పి భయపెట్టడం ఎందుకులే అని, బర్రెకు గడ్డి తేవడానికి చేనుకు పోయింది. చెప్పి ఉంటే సరిపోయేది. పిల్లలను భయపెట్టకూడదనుకునే తల్లుల ప్రేమ ఒక్కోసారి ఇలాగే కొంప ముంచుతుంది.

గడ్డిమోపు దించేసరికి అరుగు ఖాళీగా ఉంది.

"గిన్నె ఏదే?"

నవ్య ముఖం వెలిగిపోతోంది. "మేస్త్రి ఇంట్ల ఇచ్చొచ్చిన. కూర మన గిన్నెల వంపి, తోమి ఇచ్చిన. నాయనమ్మ చెప్పేది గద, ఎవరి గిన్నె ఖాళీగ పంపొద్దని. మూడు దోసిళ్లు జొన్నలు పోసిన."

ముసలమ్మ ఎవరికి ఏం పెట్టినా మూడు దోసిళ్లే పెట్టేది. పిల్లకు తెలిసింది అది. మేస్త్రి గింజల లెక్క పెద్దలే చూసుకునేవాళ్లు, పిల్లల ముందు ఎత్తేవాళ్లు కాదు. ప్రేమలతకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. పిల్లను ఒక్క మాట అనకుండా అట్నుంచటే మేస్త్రి ఇంటికి నడిచింది.

వెంకటన్న వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముందర పెద్ద గంప. ఊరి గింజలన్నీ అందులోనే.

"రా చెల్లె. నేను రెండు దోసిళ్లే అనుకున్న. మూడు పంపినవ్." గొంతులో తేనె కారుతోంది. "పొద్దున చర్చిల ఏందో అన్నవని చెప్పిండ్రు. నేను నమ్మలే."

"పిల్లకు తెల్వక పోసింది అన్నా. దాని పరీక్షలు ఉన్నయి. మా గింజలు మాకియ్యి."

"తెలిసి పోసినా తెల్వక పోసినా గింజలు గింజలే గద." గంపను కాలితో కొంచెం ఆమె వైపు జరిపాడు. "నేనేమన్న గుంజుకున్ననా? నీ గింజలు నువ్వు ఏరుకో. అన్నీ ఏరినవంటే పోయేది లేదు, ఇంటి కాడనే ఉండు."

అతని మనుషులు నవ్వారు. ప్రేమలత గంపలోకి చూసింది. ఊరంతా పండించేది తెల్లజొన్న. అత్త కాలం నుంచి పచ్చజొన్న విత్తనం వదలకుండా కాపాడుకుంటున్నది తన ఇల్లొక్కటే. తెల్లటి గింజల మధ్య తన గింజలు పసుపు చల్లినట్టు కనబడుతున్నాయి. ప్రాణం లేచి వచ్చింది. గంప ముందు చతికిలబడి, కొంగు పరుచుకుని, ఏరడం మొదలుపెట్టింది.

మేస్త్రి నవ్వు ఆగిపోయింది. మంచం మీద నుంచి ఆమె వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. ఆమె చెయ్యి ఆపలేదు.

కాసేపటికి నవ్య వచ్చింది. తల్లి ముఖం చూసి ఇంట్లో ఉండబట్టలేక వెనకే వచ్చిందేమో. ఏమైందని అడగలేదు. చెప్పకముందే పక్కన కూర్చుని గింజలు ఏరసాగింది. కొంగులో కుప్ప పెరుగుతోంది. గంపలో పసుపు పలచబడుతోంది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటోంది ప్రేమలత.

అప్పుడు గేటు చప్పుడైంది. బాలమ్మ, చేతిలో కడిగిన గిన్నె. తల్లీబిడ్డలు ఏం చేస్తున్నారో ఆమెకు ఏం తెలుసు! సంబరంగా పలకరించింది.

"నువ్వు మొన్నటేడు ఇచ్చిన విత్తనమే ప్రేమా. మస్తుగ పండింది."

ఎప్పుడో పిడికెడు విత్తనం ఇచ్చిన సంగతే ప్రేమలత మరిచిపోయింది. వద్దు అనే లోపే బాలమ్మ గిన్నె గంపలో బోర్లించింది. రెండు దోసిళ్ల పచ్చజొన్నలు జలజల రాలి, అడుగు దాకా జారిపోయాయి.

మేస్త్రి మంచం దిగి వచ్చి, గంపలో చెయ్యి పెట్టి, మెల్లగా అన్నీ కలిపాడు.

"ఏరుకో చెల్లె," అన్నాడు. "నీవి ఏవో చూసి ఏరుకో."

నవ్య ఇంకా ఏరుతూనే ఉంది. ప్రేమలత ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది.