నేలను చూడాల్సిన ఏడు రోజులు

హన్మాండ్లు కాకాకు రెండో ఆపరేషన్ అయిన రోజు అట్టముక్క మీద నేను రాసుకున్న పనులు ఇవి. అల్ మన్సూరా బజారుకు పోయి కంటి చుక్కలు తేవాలి. కాకాను పై మంచం నుంచి కింది మంచానికి మార్పించాలి. ఏడు రోజులు తిన్నా, కూర్చున్నా, పడుకున్నా ముఖం నేలవైపే ఉంచాలి. కంట్లో నింపిన గ్యాసు విమానంలో ఉబ్బుతుంది, అది కరిగేదాకా ఎక్కనీయకూడదు. ఊరి నుంచి కాకా భార్య బాలవ్వ ఫోన్ చేస్తే అబద్ధం చెప్పకూడదు.

క్యాంప్ బాస్ ఇక్బాల్‌ను ఆపాలి అని మాత్రం రాయలేదు.

కాకా రాడ్ బెండింగ్ మేస్త్రీ. కుడికంటి వెనక పొర సరిగ్గా నడుమ చిల్లు పడింది. ఆ కంటితో ఎవరిని చూసినా ముఖం ఉండాల్సిన చోట నల్ల మరక. మొదటి ఆపరేషన్‌లో చిల్లు చుట్టూ ఉన్న సన్నని పొరను ఒలిచి, కంట్లో గ్యాసు నింపారు. గ్యాసు పైకి తేలుతుంది కాబట్టి, ముఖం కిందికి ఉంటేనే అది చిల్లును అదిమి పడుతుంది. కానీ ఈ ఎడారి దేశంలో మా కూలీల క్యాంపులో రోగంతో ఉన్నవాడైనా పొద్దున గేటు దగ్గర హాజరు మిషన్‌కు ముఖం చూపాలి. చూపకపోతే బయట దొంగపనికి పోయాడని రాస్తారు. ఆ హాజరు చూసే టైమ్‌కీపర్‌ను నేనే. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, రూలంటే రూలే అనుకునేవాణ్ణి. "రెండు నిమిషాలే కాకా, లే" అన్నాను. లైన్లో నలభై నిమిషాలు పట్టింది. అట్లా ఐదు పొద్దులు.

చిల్లు మూసుకోలేదు. అంత పెద్దది ఎట్లాగూ మూసుకోకపోయేదేమో, చెప్పలేనన్నారు ఆపరేషన్ చేసిన డాక్టర్ మెహ్విష్. అయినా ఆ ఐదు పొద్దులను నా తప్పు కిందే లెక్క రాసుకున్నాను. రెండోసారి ఆమె, కాన్పులో బిడ్డ చుట్టూ ఉండే పొరను, శుద్ధి చేసి దాచి ఉంచినదాన్ని, తెప్పించి, చిన్న ముక్క కోసి చిల్లులో అమర్చారు. ఇదీ పట్టకపోతే ఇక చేయగలిగింది పెద్దగా లేదన్నారు.

"ఎవరి బిడ్డ పొరనో నా కంట్ల వెట్టిండ్రు తమ్మీ. ఆ బిడ్డకు నేనేమైత?" నేలను చూస్తూనే నవ్వాడు కాకా.

ఈ రెండో ఆపరేషన్ తర్వాత మూడో పొద్దున ఇక్బాల్ గదిలోకి వచ్చాడు.

"అరే, మిషన్‌కు ముఖం చూపెట్టి మళ్ల పండుకోమను యార్."

"లేవడు."

"నువ్వు టైమ్‌కీపర్‌వా, డాక్టర్‌వా?"

"పోయినసారి టైమ్‌కీపర్‌నే ఇక్బాల్ భాయ్. అందుకే మల్ల కోయించుకోవలసి వచ్చింది."

అతను వంగి కాకా భుజం పట్టాడు. ఆ చేతిని విసిరికొట్టాను. పైవాళ్ల ముందు గొంతు లేపడం అదే మొదలు.

"ముట్టుకోకు! ఆయన కన్ను పోతే నువ్విస్తవా?"

"నా ముఖమే కావాలంటే కింద పండి సూడు భాయ్," మంచం మీది నుంచి కాకా. "మంచిగనే ఉన్నది."

"ఆబ్సెంట్ రాస్తా. నీక్కూడా మెమో వస్తది, చూస్కో." ఇక్బాల్ తలుపు దబాలున వేసి పోయాడు.

రిజిస్టరు తీసి ఏడు రోజులూ నా చేత్తో 'జబ్బు' అని రాసి, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను.

నెలన్నరకు స్కాన్‌లో చిల్లు మూసుకుంది. కాకా కంటి పరీక్ష బోర్డు మీద మునుపటికన్నా మూడు వరసలు ఎక్కువ చదివాడు. మెమో అదే వారం వచ్చింది: రూలు తప్పినందుకట. మొదటిసారి రూలు పాటించి ఆయన్ను ఐదు పొద్దులు నిలబెట్టినప్పుడు నాకెవరూ మెమో ఇవ్వలేదు.

ముఖం నేలకు పెట్టి పడుకున్న మనిషిని లేపమని మీకెవరైనా ఆర్డరిస్తే, దయచేసి మా హన్మాండ్లు కాకాను గుర్తు చేసుకోండి.